ముప్పాతిక ముల్లు

కారు స్టార్ట్ కావడం లేదని పృథ్వీ ఫోన్ చేయగానే కేశవరావుకి నవ్వొచ్చింది. పెదవులు కదల్లేదు, గొంతులో మార్పు రాలేదు. ఛాతీకి కాస్త కింద, చాలా రోజులుగా ముడుచుకుని పడుకున్నదేదో లేచి ఒళ్ళు విరుచుకుంది, అంతే.

"కిందికి వస్తున్నా," అని ఫోన్ పెట్టేశాడు.

"ఏమిటట వాడికి?" వంటింట్లోంచి అరుంధతి అడిగింది. పృథ్వీ ఆమెకి తమ్ముడు. రెండు బ్లాకుల అవతల ఉంటాడు.

"కారు కదలడం లేదట."

"మీరిచ్చిన కారేగా, వెళ్ళి చూడండి. రెండింటికి వాడు ఎయిర్‌పోర్టులో ఉండాలి, వాడి పెళ్ళాం నిఖిల వస్తోంది వాళ్ళమ్మని తీసుకుని. పాపం."

ఆ 'పాపం' కేశవరావుకి చెప్పులో రాయిలా తగిలింది. కంప్యూటర్లలో వై టూ కే హడావిడి అయిపోయి బ్యాంకు వాళ్ళు తన కాంట్రాక్టు ముగించినప్పుడు ఆమె ఆ మాట అనలేదు. "ఇంకో చోట చూసుకోవచ్చులెండి" అంది. ఆ ఇంకో చోటు ఆర్నెల్లయినా కనబడలేదు.

లిఫ్టులో దిగుతూ కారుకి ఏమై ఉంటుందా అని అతను ఆలోచించలేదు. కారులో పెట్రోలు లేదు. అంతకన్నా పెద్ద రోగమేమీ లేదు దానికి. ఆ రోగం సంగతి తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఇద్దరే. ఒకడు తను. రెండోవాడు సెంబవాంగ్‌లో ఓడల యార్డులో పైపు ఫిట్టరుగా పనిచేసే మారయ్య.

వంతెన దాటి పక్క దేశంలోని జొహోర్ వెళ్ళే సింగపూర్ కారు ట్యాంకులో ముప్పాతిక వంతు పెట్రోలు ఉండి తీరాలి. అవతల పెట్రోలు చవక గనక, ఖాళీగా వెళ్ళి నింపుకుని రాకుండా పెట్టిన రూలు అది. సరిహద్దులో యూనిఫాం మనిషి కిటికీలోంచి తల పెట్టి పెట్రోలు ముల్లు చూస్తాడు. చూసేది ముల్లునే, ట్యాంకుని కాదు. అందుకని నాలుగేళ్ళ కిందట ఒక ఆదివారం కేశవరావు మారయ్యని పిలిపించి, కారు వెనక సీటు లేపించాడు. ట్యాంకులో పెట్రోలు మీద తేలే బెండు ఒకటుంటుంది. అది ఎంత దిగితే ముల్లు అంత దిగుతుంది. మారయ్య దాని కమ్మీకి రాగి తీగ కట్టి, ముప్పాతిక దాటి దిగకుండా బిగించాడు. ఇక ట్యాంకు ఎండిపోయినా ముల్లు అక్కడే నిలబడేది. కేశవరావు కిలోమీటర్లు మనసులో లెక్కపెట్టుకుంటూ నడుపుకునేవాడు.

నెల కిందట కారు పృథ్వీకి అమ్మేటప్పుడు ఈ మాట చెబుదామనే అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. కానీ ఆ రోజు పృథ్వీ టైర్లని కాలితో తన్ని చూసి, బానెట్ ఎత్తించి, లోపల సీట్లు వాసన చూసి, అరుంధతి ముందే "మీరు రాసే కోబాల్ ప్రోగ్రాముల్లాగే దీనికీ కాలం చెల్లింది బావా. అక్క మొహం చూసి తీసుకుంటున్నాను," అన్నాడు. అరుంధతి నవ్వింది. ఆమె నవ్వు ఆగేలోగా కేశవరావు తాళాలు పృథ్వీ చేతిలో పెట్టేశాడు. ట్యాంకు నిండుగా కొట్టించి మరీ ఇచ్చాడు. ఎంత మంచి మనసో అనుకున్నారు.

రెండు వారాల తర్వాత భోజనానికి వచ్చి పృథ్వీ, "తొందరపడి మాట అన్నాను బావా. ఈ కారు పెట్రోలే తాగడం లేదు! ముల్లు ముప్పాతిక నుంచి కదిలితే ఒట్టు. నడిపే చెయ్యిలో ఉంటుందనుకోండి. మీరు క్లచ్ మీదే కాపురముండేవారు కదా," అన్నాడు. కేశవరావు అతనికి ఇంకో గరిటె పప్పు వేశాడు. అప్పటిదాకా చెప్పకపోవడం మొహమాటం, లేకపోతే మరుపు. ఆ గరిటెతో అది పనిగా మారింది. పొద్దున లేచి పళ్ళు తోముకున్నట్టు రోజూ చేసే పని. ఉద్యోగం లేని మనిషికి రోజూ చేయడానికి ఒకటి దొరికింది.

కార్‌పార్కులో పృథ్వీ బానెట్ ఎత్తి నిలబడ్డాడు. చొక్కా అప్పుడే వీపుకి అంటుకుపోయింది. చేతిలో ఇంటర్నెట్‌లోంచి ప్రింట్ తీసిన పదకొండు పేజీలు, చెవి మీద పెన్సిలు.

"రండి. సిస్టమాటిక్‌గా వెళ్దాం," అన్నాడు. "మీలాగా స్టీరింగ్ మీద గుద్ది దణ్ణం పెట్టుకునే పద్ధతి కాదు."

"వెళ్దాం."

"ఇంజన్ తిరుగుతోంది, అందుకోవడం లేదు. అంటే బ్యాటరీ ఓకే. ప్లగ్గు తీసి చూశాను, స్పార్కు ఓకే. మిగిలింది పెట్రోలు ఇంజన్ దాకా రావడం. తాళం సగం తిప్పండి. సీటు కింద పంపు చప్పుడు వినాలి."

కేశవరావు తిప్పాడు. వెనక ఎక్కడో పంపు సన్నగా, గుక్క పట్టిన పసిపిల్ల మూలిగినట్టు రెండు క్షణాలు మూలిగి ఆగింది. నిండు ట్యాంకులో ఆ గొంతు అలా ఉండదు. అది అతనికి తెలుసు.

"పంపు ఓకే!" పృథ్వీ టిక్కు పెట్టాడు. ఫ్యూజు తీసి ఎండకి పట్టి చూసి ఇంకో టిక్కు. రిలే మార్చి చూసి ఇంకోటి. మొదటి పేజీలో మొదటి ప్రశ్న, ట్యాంకులో పెట్రోలు ఉందా అన్నది. దానికి అన్నిటికన్నా ముందే టిక్కు పడి ఉంది. కేశవరావు కళ్ళు మాటిమాటికీ ఆ టిక్కు మీదికే వెళ్తున్నాయి. తెలివైనవాడు, చకచకా ఆలోచించగలవాడు, ఒక్క అబద్ధం మీద కాలు పెట్టి ఎంత చక్కగా మెట్లెక్కుతున్నాడో చూస్తూ నిలబడటం కూడా ఒక సుఖమే. ఆ సుఖానికి సిగ్గుపడాలని అతనికి తెలుసు. సిగ్గు కోసం లోపల వెతికాడు. ఉంది గాని, సుఖం కన్నా చిన్నది.

"టాక్సీలో వెళ్ళకూడదా ఎయిర్‌పోర్టుకి?" అన్నాడు.

"కారుందని అత్తగారితో చెప్పాక టాక్సీలో దిగమంటారా? మీకైతే అలవాటు." పృథ్వీ పేజీ తిప్పాడు. "ఫిల్టరు మూసుకుపోయి ఉండాలి. అది విప్పడం నాకు రాదు. ఆదివారం మెకానిక్కులు దొరకరు. మీ షిప్‌యార్డు మనిషి ఉన్నాడుగా, రమ్మనండి."

"వాళ్ళ పర్మిట్ మీద బయట పని చెయ్యకూడదు. తెలిస్తే ఇంటికి పంపేస్తారు."

"మీ కారు బాగుచేసినప్పుడు పంపలేదా?"

కేశవరావు మారయ్య ఉండే డార్మిటరీకి ఫోన్ చేశాడు. మారయ్య లైనులోకి వచ్చి, "ఏటయ్యింది బాబూ?" అన్నాడు. పృథ్వీ పక్కనే ఉన్నాడు. "వచ్చి చూడు," అన్నాడు కేశవరావు. కావాలంటే రెండడుగులు పక్కకి జరిగి ఒక్క ముక్క చెప్పొచ్చు. జరగలేదు.

గంటన్నరకి మారయ్య వచ్చాడు. నలభై అయిదేళ్ళ మనిషి, శ్రీకాకుళం వైపు వాడు. ఆదివారం గనక ఇస్త్రీ చొక్కా, తలకి నూనె. చేతిలో పాత సంచి నిండా సామాను. ఒకప్పుడు యార్డులో చెయ్యి నలిగి ఆస్పత్రిలో పడితే కేశవరావు వెళ్ళి ఫారాలు నింపి, డాక్టరుతో ఇంగ్లీషులో మాట్లాడాడు. అప్పటినుంచి పిలిస్తే చాలు, ఎందుకని అడక్కుండా వస్తాడు.

పృథ్వీ చెప్పిందంతా విని, ఇస్త్రీ చొక్కా విప్పి చెట్టుకొమ్మకి తగిలించి, బనీనుతో కారు కిందికి దూరాడు. ఫిల్టరు దగ్గర పైపు ఊడదీసి కింద డబ్బా పెట్టాడు. పృథ్వీ తాళం తిప్పాడు. పంపు మూలిగింది. డబ్బాలో ఒక్క చుక్క పడలేదు.

మారయ్య బయటికి వచ్చి, తలుపులోంచి ముల్లు వైపు చూశాడు. తర్వాత కేశవరావు వైపు చూశాడు.

"ఆయిలు ఎప్పుడు కొట్టించినారు బాబూ?"

"ముల్లు కనిపించడం లేదూ? ముప్పాతిక ఉంది," అన్నాడు పృథ్వీ.

"ముల్లు సంగతి కాదు బాబూ. ట్యాంకీ సంగతి అడుగుతున్నాను."

"రెండూ ఒకటే కదయ్యా!"

"ఒకటి అవునో కాదో పెద్దబాబుకి గురుతుంటాదేమో," అని మారయ్య మళ్ళీ కేశవరావు వైపు తిరిగాడు. తలుపు తీసి పట్టుకుని, రండి బాబూ అన్నట్టుగా ఉంది ఆ చూపు. లోపలికి వెళ్ళడానికి ఒక్క అడుగు చాలు.

"ముల్లు చూపిస్తోందిగా మారయ్యా," అన్నాడు కేశవరావు.

ఆ మాట అనాలని అతను అనుకోలేదు. నెల్లాళ్ళుగా నోరు మూసుకోవడానికి అలవాటుపడ్డవాడు అబద్ధం చెప్పడానికి కొత్తగా ప్రయత్నించక్కర్లేదని అప్పుడే తెలిసింది. అది దానంతటదే, మాట్లాడటం నేర్చుకున్న చిలకలా పలికింది.

మారయ్య మొహంలో ఏదో మూతపడింది. గుడ్డతో చేతులు తుడుచుకుని, "నాకు తెలీడం నేదు బాబూ. మెకానిక్కు సూడాల," అన్నాడు.

"ఫిల్టరు దాకా రాలేదంటే పంపే పోయుండాలి. చప్పుడు చేస్తుంది, తోయదు." పృథ్వీ తొమ్మిదో పేజీలో ఉన్నాడు. "పంపు వెనక సీటు కింద. లేపు."

"ఒద్దు బాబూ."

"ఎందుకొద్దు?"

పృథ్వీయే వంగి సీటు పెరికాడు. కింద గుండ్రటి ఇనుప మూత, దానికి నాలుగు స్క్రూలు. మూడు తుప్పు పట్టి ఉన్నాయి. నాలుగోది వేరే రకం, పెద్దది, మెరుస్తోంది. పృథ్వీ దాన్ని వేలితో తట్టి, "ఇది ముందే ఎవరో విప్పారు," అన్నాడు. స్క్రూడ్రైవరు తీసుకుని తనే విప్పాడు. లోపలి సరంజామా మొత్తం పైకి లాగాడు. పొడిగా వచ్చింది. అడుగున గుక్కెడు పెట్రోలు వాసన మాత్రం ఉంది. కమ్మీకి బిగించిన రాగి తీగ ఎండలో మెరిసింది.

అతను దాన్ని చాలాసేపు చూడలేదు. తెలివైనవాడని చెప్పానుగా. బెండుని వేలితో కిందికి నొక్కాడు, తీగ అడ్డుపడింది. వదిలేశాడు. లేచి నిలబడి మారయ్య సంచి తీసుకుని కారు వెనక బోర్లించాడు. స్పానర్లు, పైపు ముక్కలు, వాటితో బాటు చిన్న చుట్ట రాగి తీగ.

"బావా, ఈ సీటు ఇంతకు ముందు ఎవరు లేపారు?"

"మారయ్యే," అన్నాడు కేశవరావు. అది నిజమే.

"ఎప్పుడైనా కారు దారి మధ్యలో ఆగిపోయిందా?"

"ఒకసారి ఆగింది." అదీ నిజమే. లెక్క తప్పి ఒకసారి ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆగింది.

"అయితే చూడండి! ముల్లు కదలకుండా కట్టేసి, వచ్చినప్పుడల్లా ట్యూబు పెట్టి పెట్రోలు లాగేస్తున్నాడు. నాలుగేళ్ళుగా! నా కారులోంచి కూడా లాగి ఉంటాడు. పిలిస్తే పరిగెత్తుకు వస్తాడంటే ఎందుకొస్తాడనుకున్నారు, మీ మీద ప్రేమా?" పృథ్వీ చెయ్యి చాచాడు. "కార్డు తియ్యి."

ఆ గొంతుతో అడిగినవాళ్ళందరికీ ఇచ్చి అలవాటుపడ్డ చెయ్యి మారయ్యది. మారయ్య జేబులోంచి పర్మిట్ కార్డు తీసి ఇచ్చేశాడు. పృథ్వీ యార్డు పేరూ నంబరూ పైకి చదివాడు.

"రేపు పొద్దున్నే మీ ఆఫీసుకి ఫోన్ చేస్తాను. బయట పని చేయడం ఒకటి, దొంగతనం ఒకటి. ఎల్లుండికల్లా విమానం ఎక్కిస్తారు. ఊళ్ళో కట్టు, ఎన్ని తీగలు కడతావో."

"బాబుగారూ," మారయ్య పృథ్వీతో కాదు, కేశవరావుతో అన్నాడు. "సెప్పండి."

కేశవరావు చెప్పలేదు.

అతని బుర్ర మాత్రం చాలా చురుగ్గా పనిచేస్తోంది. ఆరు నెలల్లో ఎప్పుడూ అంత చురుగ్గా పనిచేయలేదు. పృథ్వీ కోపిష్టి, రేపటికి మర్చిపోతాడు. ఫోన్ చేసినా ఆ ఆఫీసులో ఎవరూ పట్టించుకోరు. పట్టించుకున్నా మారయ్యకి పర్మిట్ ఇంకెన్నాళ్ళుంది గనక, ఎలాగూ ఊరు వెళ్ళాల్సినవాడే, పెళ్ళాన్ని చూసి మూడేళ్ళయిందని తనే అన్నాడు. పంపేస్తే ఒకరకంగా మంచిదే. ఈ చివరి మాట దగ్గర కేశవరావు ఆగాడు. తన మనసు ఇంత దూరం నడవగలదని అతనికి తెలియదు. దాన్ని ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూశాడు. అసహ్యం వేసింది. అయినా నోరు తెరుచుకోలేదు. అసహ్యానికి నోరు తెరిపించే బలం ఉండదు.

పృథ్వీ దగ్గరికి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ తప్పేం లేదు బావా. మీరు అమాయకులు. అక్క ఎప్పుడూ చెబుతుంది, మా ఆయనకి లోకం తెలియదురా, ఎవడైనా టోపీ పెట్టేస్తాడు, అందుకే ఉద్యోగంలోనూ అలా అయింది అని."

ఆ చెయ్యి వెచ్చగా, బరువుగా ఉంది. జాలి నిండిన చెయ్యి.

"చెయ్యి తియ్యి," అన్నాడు కేశవరావు.

"ఏమిటి?"

"చెయ్యి తియ్యమన్నాను. ఆ తీగ కట్టించింది నేను. సరిహద్దు దాటడానికి. మారయ్య ఒక్క చుక్క పెట్రోలు ముట్టలేదు. నీ ట్యాంకులో పెట్రోలు లేదని నువ్వు ఫోన్ చేసినప్పుడే నాకు తెలుసు. నెల్లాళ్ళ నుంచీ తెలుసు. నడిపే చెయ్యిలో ఉంటుందని నువ్వు పప్పన్నం తింటూ చెప్పినప్పుడూ తెలుసు."

పృథ్వీ మొహంలో రంగు ముందు పోయి, తర్వాత రెట్టింపుగా తిరిగొచ్చింది.

"ఈ పదకొండు పేజీలూ నా చేత చదివించారు."

"నేను చదవమనలేదు. నువ్వే చదివావు."

"ఉద్యోగం లేక బావ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటున్నాడని అక్క ఏడిస్తే, జాలిపడి కొన్నాను ఈ డబ్బాని!"

"జాలిపడ్డావు గనకే చెప్పలేదు."

ఒక నిమిషం పాటు ఇద్దరూ కొట్టుకుంటారేమో అన్నట్టు నిలబడ్డారు. పైన ఏదో అంతస్తులో కర్రకి బట్టలు ఆరేస్తున్న చైనా ముసలావిడ ఆగి చూసింది. పృథ్వీ చేతిలోని కార్డుని కారు వెనక పడేశాడు. ఇక అది అతనికి పనికిరాదు. యార్డుకి ఫోన్ చేస్తే అక్క మొగుడి పేరు కూడా చెప్పాలి.

"ఇవాళ్టి నుంచి మా గడప తొక్కకండి," అన్నాడు. "నిఖిలకీ చెబుతాను, అక్కకీ చెబుతాను. మీరెలాంటి వాళ్ళో అందరికీ చెబుతాను."

"చెప్పు."

మారయ్య కార్డు తీసుకుని బనీనుకి తుడిచాడు. కేశవరావు అతని వైపు తిరిగాడు. ఏదో ఎదురు చూస్తున్నాడు. అదేమిటో తలుచుకుంటే అతనికే సిగ్గనిపించింది గాని, చూస్తున్నాడు. ఎంతైనా తను నిజం చెప్పాడు. ఇంటా బయటా మొహం పోగొట్టుకుని చెప్పాడు.

"ఆ బాబు మీ బుజం మీద సెయ్యి ఎయ్యకపోతే సెప్పుదురా?" అన్నాడు మారయ్య.

మారయ్య కాసేపు ఆగాడు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. తర్వాత చెట్టుకొమ్మ మీది చొక్కా జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీశాడు. ఓవర్‌టైం గంటలు రాసుకునే పుస్తకం. ఒక తెల్ల కాగితం సరిగ్గా మడతపెట్టి చింపాడు.

"రాసియ్యండి. ఇంగ్లీసులో."

"ఏం రాయాలి?"

"ఇప్పుడు నోటితో అన్నదే. రేపు ఈ బాబుకి కోపం తగ్గక ఫోను సేసినాడనుకోండి. యార్డోళ్ళు మిమ్మల్ని అడుగుతారు. మీరు మళ్ళీ ముల్లు సూపిస్తోందిగా అంటే నానేటి సేసేది? కాయితం ఉంటే సూపించుకుంటాను."

"అనను మారయ్యా. నా మాట నమ్ము."

"రాసియ్యండి."

కేశవరావు కారు పైకప్పు మీద కాగితం పెట్టుకుని రాశాడు. రేకు కాలుతోంది, మణికట్టు ఆనించలేకపోయాడు. మూడు వాక్యాలు రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. మారయ్య దాన్ని జేబులో పెట్టుకోలేదు. ముందుకెళ్ళి, డ్రైవరు సీట్లో కాళ్ళు బయటికి పెట్టి కూర్చున్న పృథ్వీకి ఇచ్చాడు.

"బాబూ, కొంచెం సదివి పెట్టండి. మీరైతే ఉన్నదున్నట్టు సెప్తారు."

పృథ్వీ చదివాడు. ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

"చక్కగా రాశారు మా బావ. నాలుగేళ్ళ కిందట కారుకి చిన్న మార్పు జరిగిందట. మారయ్య అనే అతనికి దాంతో సంబంధం లేదట. ఎవరు చేయించారో లేదు. కేశవరావు అన్న పేరు సంతకంలో తప్ప ఎక్కడా లేదు. ఆ సంతకం బ్రహ్మదేవుడు కూడా చదవలేడు."

కేశవరావు తల దించుకోలేదు. తను అలా రాసినట్టు అప్పటిదాకా అతను గమనించలేదు. గమనించలేదన్నది నిజమో కాదో తేల్చుకోవడానికి అక్కడ వ్యవధి లేదు.

"మళ్ళీ రాయండి," అన్నాడు మారయ్య. బాబూ అనలేదు. ఇంకో కాగితం చింపాడు.

"నేను చెబుతాను, రాయండి," పృథ్వీ లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు. "నేను, కేశవరావు. ఊఁ. ఈ కారు నాదిగా ఉన్నప్పుడు. కామా అక్కర్లేదు. నేనే మారయ్యని అడిగి పెట్రోలు ముల్లుకి తీగ కట్టించాను. నేనే, కింద గీత గీయండి. అతను ఏ రోజూ పెట్రోలు తీయలేదు."

కేశవరావు ఒక్కొక్క మాటే రాశాడు. పెన్ను పట్టుకున్న వేళ్ళకి చెమట పట్టి రెండుసార్లు జారింది. ఈసారి సంతకం పక్కన పేరు విడివిడిగా, పెద్ద అక్షరాలతో రాయించాడు పృథ్వీ.

"మీ కార్డు నంబరు కూడా ఎయ్యండి," అన్నాడు మారయ్య.

కేశవరావు పర్సులోంచి నీలం గుర్తింపు కార్డు తీసి, చూసి నంబరు వేశాడు. మారయ్యకి ఇంగ్లీషు అక్షరాలు రావు గాని అంకెలు వచ్చు. కార్డు ఒక చేతిలో, కాగితం ఒక చేతిలో పట్టుకుని, పెదవులు కదుపుతూ ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టి సరిచూశాడు. నాలుగో అంకె దగ్గర వేలు ఆగింది.

"ఇది తప్పు."

కేశవరావు చూశాడు. నిజంగానే తప్పు. ఆరు ఉండాల్సిన చోట సున్నా ఉంది. చెయ్యి జారిందో, చెయ్యే జార్చిందో ఎంత తవ్వుకున్నా అతనికి తెలియలేదు. మారయ్య కాగితం అలాగే పట్టుకుని నిలబడ్డాడు, పృథ్వీ పెన్ను అందించాడు. కేశవరావు సున్నా కొట్టేసి, పక్కన ఆరు వేశాడు.